గీత ఒకచోట, సున్నా మరోచోట: మ్యాప్ క్యాలిబ్రేషన్, రూటు ప్లానింగ్ వెనక లెక్కలు

లండన్‌లోని గ్రీనిచ్ అబ్జర్వేటరీ ఆవరణలో నేల మీద ఒక లోహపు గీత ఉంటుంది. ప్రపంచం మొత్తానికి సున్నా రేఖాంశం ఇదేనని 1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఒప్పుకుంది. ఆ గీతకు చెరోవైపు కాలు పెట్టి ఫొటో దిగేవాళ్లు ఫోన్‌లో జీపీఎస్ తెరిస్తే మాత్రం సున్నా కనిపించదు. సున్నా రావాలంటే తూర్పుగా మరో 102 మీటర్లు నడవాలి. ఫోన్ పాడవలేదు, గీత గీసినవాళ్లూ పొరబడలేదు. 19వ శతాబ్దపు ఖగోళ శాస్త్రజ్ఞులు టెలిస్కోపును నిట్టనిలువుగా నిలబెట్టడానికి ఆ చోట గురుత్వాకర్షణ ఎటు లాగుతుందో దాన్నే నమ్ముకున్నారు. తూకపు గుండు వేలాడే దిశ అన్నిచోట్లా సరిగ్గా భూమి కేంద్రం వైపే ఉండదు. జీపీఎస్ మాత్రం భూమి ద్రవ్యరాశి కేంద్రం నుంచి లెక్క మొదలుపెడుతుంది. కొలత మొదలయ్యే చోటు మారింది కాబట్టి అంకె కూడా మారింది.

కాగితం మ్యాపును స్కాన్ చేసి జీపీఎస్‌తో కలిపి వాడాలనుకున్న ప్రతివాళ్లకూ ఇదే చిక్కు ఎదురవుతుంది. తెర మీద బాణం గుర్తు నదిలో నడుస్తుంటుంది, మనిషి మాత్రం గట్టు మీద ఉంటాడు. అప్పుడు తిట్లన్నీ ఉపగ్రహాలకు పడతాయి. నిజానికి తప్పు చాలాసార్లు బయల్దేరకముందే, బల్ల దగ్గరే జరిగిపోయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి అడిగితే సరిగ్గా చదవకుండా "ఓకే" నొక్కిన చోట. ఓపెన్ సోర్స్ పరికరాల (కోడ్ అందరికీ తెరిచి ఉంచే ప్రోగ్రాముల) గురించి మాట్లాడేటప్పుడు అందరూ ముందు చెప్పేది ఉచితం అనే. ఈ పనిలో అది రెండో విషయం. ఏ ఊహ మీద జవాబు చెప్పిందో తెరిచి చూడనివ్వడం, నచ్చకపోతే మార్చుకోనివ్వడం వాటితో వచ్చే అసలు లాభం.

స్కాన్ చేసిన మ్యాపు కంప్యూటర్‌కు ఒక బొమ్మ మాత్రమే. ఇన్ని అడ్డవరసలు, ఇన్ని నిలువువరసల పిక్సెళ్లు, అంతే. ఏ పిక్సెల్ భూమి మీద ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర ఉందో చెప్పడమే క్యాలిబ్రేషన్. అందుకోసం అక్షాంశ రేఖాంశాలు తెలిసిన కొన్ని చోట్లను బొమ్మ మీద క్లిక్ చేసి వాటి అంకెలు ఇస్తారు, వీటినే కంట్రోల్ పాయింట్లు అంటారు. కంప్యూటర్‌లో మ్యాపులతో పనిచేసే జీఐఎస్ రంగంలో ఈ పనినే జియోరెఫరెన్సింగ్ అంటారు. క్యాలిబ్రేషన్ అన్న మాట ట్రెక్కింగ్, ఆఫ్‌రోడ్ డ్రైవింగ్ చేసేవాళ్లలో పాతుకుపోవడానికి ఓజీఎక్స్‌ప్లోరర్ అనే విండోస్ ప్రోగ్రామ్ చాలావరకు కారణం. అది డబ్బు పెట్టి కొనే ప్రోగ్రామ్. అయినా అది రాసే క్యాలిబ్రేషన్ ఫైలు మామూలు టెక్స్ట్ కావడం వల్ల ఓపెన్ సోర్స్ పరికరాలు కూడా దాన్ని చదవగలుగుతున్నాయి.

ఇక్కడ ఒక తేదీ గుర్తుంచుకోవాలి. 2000 మే 2కు ముందు అమెరికా సైన్యం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే కొంత చెడగొట్టేది. దానివల్ల స్థానం 100 మీటర్ల దాకా అటూఇటూ ఊగేది. మ్యాపు 80 మీటర్లు పక్కకు జరిగి ఉన్నా ఆ ఊగిసలాటలో అది కలిసిపోయేది, ఎవరికీ పట్టేది కాదు. ఆ అడ్డంకి తీసేశాక, ఆరుబయట మామూలు ఫోన్ కూడా 5 మీటర్ల లోపు చూపించడం మొదలయ్యాక, అంతవరకు దాక్కున్న క్యాలిబ్రేషన్ తప్పులన్నీ బయటపడ్డాయి.

ఇప్పుడు ఈ పనికి ఎక్కువమంది వాడేది క్యూజీఐఎస్. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లో జియోరెఫరెన్సర్ అనే విండో ఉంటుంది. దారులు గీయడం, ట్రాకులు చూడటం ముఖ్యమనుకునేవాళ్లకు క్యూమ్యాప్‌షాక్ అనే మరో ప్రోగ్రామ్ నప్పుతుంది. దానికి తోడుగా క్యాలిబ్రేషన్ కోసం క్యూమ్యాప్‌టూల్ వస్తుంది. ఏది మంచిదన్న వాదనలో పెద్ద పస లేదు. రెండింటి అడుగునా ఉన్నది ఒకే ఇంజిను: ఫ్రాంక్ వార్మర్‌డామ్ 1998లో రాయడం మొదలుపెట్టిన జీడాల్ లైబ్రరీ. అక్షాంశ రేఖాంశాల మార్పిడి చూసేది ప్రోజ్ అనే మరో లైబ్రరీ. పైన కిటికీలు వేరైనా కింద లెక్క ఒకటే కాబట్టి చేతికి ఏది అలవాటైతే అది వాడుకోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది డేటమ్ దగ్గర, అంటే భూమికి ఏ ఆకారం అనుకుని, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టి అక్షాంశ రేఖాంశాలు కొలిచారన్న దగ్గర. భూమి నున్నటి బంతి కాదు. మ్యాపులు గీయడానికి దాన్ని కాస్త నొక్కినట్టుండే దీర్ఘగోళంగా ఊహించుకుంటారు. ఆ దీర్ఘగోళం కొలతలు కాలాన్ని బట్టీ దేశాన్ని బట్టీ మారాయి. 1830 నాటి ఎవరెస్ట్ దీర్ఘగోళంలో భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 63,77,276 మీటర్లు. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84లో అది 63,78,137 మీటర్లు. 861 మీటర్ల తేడా. పైగా పాత సర్వేలు తమ దీర్ఘగోళాన్ని తమ ప్రాంతపు నేలకు బాగా అతికేలా కాస్త జరిపి కూర్చోబెట్టుకున్నాయి. అందుకే ఒకే అక్షాంశ రేఖాంశాల జంట రెండు డేటమ్‌లలో రెండు వేర్వేరు చోట్లను చూపిస్తుంది. తేడా పదుల మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల దాకా పోవచ్చు.

మ్యాపు ఏ డేటమ్ మీద గీశారో సాధారణంగా అంచున చిన్న అక్షరాల్లో ఉంటుంది. స్కాన్ చేసేవాళ్లు "అంచులెందుకులే" అని కత్తిరించేది సరిగ్గా ఆ భాగాన్నే! ఇక డేటమ్ తెలియదు కాబట్టి జాబితాలో పైన కనిపించే డబ్ల్యూజీఎస్ 84ను ఎంచుకుంటారు. విచిత్రం ఏమిటంటే అప్పుడు కూడా క్యాలిబ్రేషన్ బ్రహ్మాండంగా కుదురుతుంది. తప్పుల పట్టికలో అన్నీ చిన్న అంకెలే వస్తాయి. ఎందుకంటే మ్యాపు మీద అచ్చైన గ్రిడ్ (అడ్డం నిలువు గీతల గళ్లు) అంకెలు ఒకదానితో ఒకటి చక్కగా పొసుగుతాయి. సాఫ్ట్‌వేర్ పరీక్షించేది ఆ పొత్తునే. మొత్తం మ్యాపు ఏకంగా పక్కకు జరిగి కూర్చుందన్న సంగతి దానికి తెలిసే దారి లేదు.

కాబట్టి రెసిడ్యువల్స్, అంటే ప్రతి పాయింటు దగ్గర మిగిలిపోయిన తేడాలు, తక్కువగా వచ్చాయని సంతోషపడితే చాలదు. క్యాలిబ్రేషన్‌లో వాడని నాలుగైదు చోట్లు ఎంచుకుని, వాటిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాపుతోనో, స్వయంగా నడిచి రికార్డు చేసిన ట్రాకుతోనో పోల్చి చూడాలి. తేడా ఎలా ఉందన్నదే రోగం పేరు చెబుతుంది. అన్ని చోట్లా ఒకే దిశలో, ఒకే దూరం జరిగి ఉంటే డేటమ్ తప్పు. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వెళ్లేకొద్దీ తేడా పెరుగుతూ పోతే ప్రొజెక్షన్‌లోనో (గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించే పద్ధతిలోనో), ఏదో ఒక పాయింటు అంకెలోనో తప్పుంది. ఏ పద్ధతీ లేకుండా తలో దిక్కుకూ చెదిరి ఉంటే కాగితం మడతలో, క్లిక్ చేసిన చేతి వణుకో, అసలు మ్యాపు గీసిన తీరో కారణం. ఈ మూడింట్లో మొదటిది సరిచేయడం అన్నిటికన్నా తేలిక. గుర్తుపట్టడానికే టైమ్ పడుతుంది.

సరైన డేటమ్ పేరు దొరికినా పని పూర్తి కాదు. ఒక డేటమ్ నుంచి ఇంకోదానికి మార్చే సూత్రాలు ఒకటికి మించి ఉంటాయి. కొన్ని మూడు అంకెలతో దీర్ఘగోళాన్ని జరిపేవి, కొన్ని ఏడు అంకెలతో జరిపి, తిప్పి, సాగదీసేవి. 2019లో వచ్చిన ప్రోజ్ 6 తర్వాత క్యూజీఐఎస్ ఏ సూత్రం వాడమంటారని, ఒక్కోదాని ఖచ్చితత్వం ఇంత అని జాబితా ముందుపెట్టి అడుగుతుంది. ఆ పెట్టెను విసుగ్గా మూసేసేవాళ్లే ఎక్కువ. అందులో ఒక వరసలో 1 మీటరు అనీ ఇంకో వరసలో 20 మీటర్లు అనీ రాసి ఉంటే, ఆ తేడా తర్వాత నేల మీద కనిపిస్తుంది.

కంట్రోల్ పాయింట్లు ఎక్కడ పెట్టాలి? మ్యాపు మీద గ్రిడ్ గీతలు ఉంటే అవి కలిసే చోట్లకు మించినవి లేవు. రోడ్ల కూడళ్లు, వంతెనలు చూడటానికి స్పష్టంగా ఉంటాయి గానీ నమ్మదగినవి కావు. 1:50,000 స్కేలు మ్యాపులో 1 మిల్లీమీటరు మందంతో గీసిన రోడ్డు నేల మీద 50 మీటర్ల వెడల్పు అవుతుంది. అంత రోడ్డు నిజంగా ఉండదు. గీత కనిపించాలని లావుగా గీస్తారు. ఆ గీతకు చోటు చేయడానికి పక్కనున్న ఇళ్ల గుర్తులను కొంచెం దూరం నెడతారు. అది తప్పు కాదు, మ్యాపు గీయడంలో ఒప్పుకున్న పద్ధతి. నది వంపుల సంగతి ఇంకా దారుణం, అవి ఏళ్లు గడిచేకొద్దీ తామే కదులుతాయి. గ్రిడ్ లేనప్పుడు మాత్రమే వీటి జోలికి వెళ్లాలి. అప్పుడు కూడా పాయింట్లన్నీ మధ్యలో గుంపుగా కాకుండా నాలుగు మూలలకూ పరవాలి.

తర్వాత సాఫ్ట్‌వేర్ బొమ్మను ఆ పాయింట్లకు అతికించడానికి ఏ రకం మార్పిడి కావాలంటుంది. బొమ్మను జరిపి, తిప్పి, సాగదీసే మొదటి తరగతి పాలినామియల్‌ సూత్రానికి కనీసం 3 పాయింట్లు, బొమ్మను వంచను కూడా వంచే రెండో తరగతికి 6, మూడో తరగతికి 10 కావాలి. సరిగ్గా కనీసం ఎన్ని కావాలో అన్నే ఇస్తే రెసిడ్యువల్ సున్నా వస్తుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. మూడు తెలియని అంకెలకు మూడు సమీకరణాలు ఇస్తే జవాబు ఎలాగూ అతుకుతుంది, పరీక్షించడానికి మిగిలిందేమీ ఉండదు. థిన్ ప్లేట్ స్ప్లైన్ పద్ధతిలో అయితే ఎన్ని పాయింట్లు ఇచ్చినా తేడా సున్నాయే. అది ఇచ్చిన ప్రతి పాయింటు గుండా బొమ్మను లాగి బిగిస్తుంది, తప్పు పాయింటు గుండా కూడా. చదునుగా స్కాన్ చేసిన అచ్చు మ్యాపుకు మొదటి తరగతి, ఎనిమిదో పదో పాయింట్లు చాలు. ఫోన్‌తో ఏటవాలుగా ఫొటో తీసిన మ్యాపుకు ప్రొజెక్టివ్ మార్పిడి సరిపోతుంది, దానికి కనీసం 4 పాయింట్లు. చేత్తో గీసినవీ, ముడతలు పడి సాగిపోయినవీ అయితేనే స్ప్లైన్. మూడో తరగతిని వాడాల్సిన అవసరం అరుదు. పాయింట్లు దాటిన చోట, అంచుల దగ్గర, అది బొమ్మను రబ్బరులా వంచేస్తుంది.

ఎంత ఖచ్చితత్వం కోసం పాకులాడాలన్నది కూడా లెక్క కట్టుకోవచ్చు. 300 డీపీఐతో (అంగుళానికి 300 పిక్సెళ్లతో) స్కాన్ చేస్తే ఒక పిక్సెల్ కాగితం మీద 0.085 మిల్లీమీటర్లు. 1:50,000 స్కేలులో అది నేల మీద 4.2 మీటర్లు. అచ్చు మ్యాపులో ఒక గుర్తు అర మిల్లీమీటరు అటూఇటూ ఉండటం మామూలే, అంటే 25 మీటర్లు, దాదాపు 6 పిక్సెళ్లు. అలాంటప్పుడు రెసిడ్యువల్‌ను 2 పిక్సెళ్ల నుంచి 0.3కు దించడానికి గంటలు గంటలు కూర్చోవడం వృథా. ఆ టైములో పాయింటు అంకెలు సరిగ్గా టైప్ చేశామా లేదా చూసుకోవడం మేలు. 40 డిగ్రీల 30 నిమిషాలను 40.30 అని కొట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అసలు రావాల్సింది 40.5. తేడా 0.2 డిగ్రీలు, ఉత్తర దక్షిణాల్లో దాదాపు 22 కిలోమీటర్లు. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటపడుతుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. 60 మీటర్ల తప్పే చివరిదాకా బయటపడకుండా వెంట వస్తుంది.

మ్యాపు కుదిరాక దాని మీద దారి గీయాలి. ఇక్కడ ముందు తేల్చుకోవాల్సింది మాటల అర్థాలు. జీపీఎస్ పరికరాలన్నీ ఒప్పుకునే జీపీఎక్స్ ఫైలు 2002లో వచ్చింది, ఇప్పటికీ చలామణిలో ఉన్న 1.1 రూపం 2004 నాటిది. అందులో మూడు రకాల సరుకు ఉంటుంది. వేపాయింట్ అంటే ఒంటరి చోటు. ట్రాక్ అంటే అడుగడుగునా పడ్డ పాయింట్ల వరస, వేలల్లో ఉండొచ్చు. రూట్ అంటే "ఇక్కడి నుంచి ఇక్కడికి, తర్వాత అక్కడికి" అనే కొద్దిపాటి మలుపుల జాబితా. మాటల్లో రూటు, ట్రాకు ఒకటే అనిపించినా పరికరం వాటిని వేర్వేరుగా చూస్తుంది. రూటు ఇస్తే మధ్య దారిని పరికరం తన సొంత మ్యాపుతో, తన సొంత నియమాలతో మళ్లీ లెక్క కడుతుంది. కంప్యూటర్ ముందు ఎంతో ఆలోచించి పల్లెదారి గుండా గీసిన 12 పాయింట్ల రూటు, పరికరంలోకి వెళ్లేసరికి హైవే ఎక్కి కూర్చోవడానికి కారణం ఇదే. గీసింది గీసినట్టే కావాలంటే ట్రాకుగా పంపాలి. పాత పరికరాలు ఎక్కువ పాయింట్లను మోయలేవు కాబట్టి పంపే ముందు జీపీఎస్‌బేబెల్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పలచన చేయొచ్చు. దారి నేరుగా సాగే చోట్ల పాయింట్లు తీసేసి మలుపుల దగ్గర ఉంచుతుంది. ఒక కంపెనీ ఫైలును ఇంకో కంపెనీ పరికరానికి అర్థమయ్యేలా మార్చడం దాని అసలు వృత్తి.

ఇక దారిని కంప్యూటరే వెతికి పెట్టడం సంగతి. 1956లో ఎడ్స్గర్ డైక్‌స్ట్రా ఆలోచించి 1959లో ప్రచురించిన పద్ధతే ఇప్పటికీ దీనికి పునాది. కూడళ్ల మధ్య ఉన్న ప్రతి ముక్కకూ ఒక ఖర్చు ఉంటుంది, మొత్తం ఖర్చు అన్నిటికన్నా తక్కువయ్యే వరసను అది పట్టుకుంటుంది. ఖర్చు అంటే దూరమే కానక్కర్లేదు. కంకర రోడ్డుకు ఖర్చు 1.5 రెట్లు అని పెడితే 10 కిలోమీటర్ల కంకర దారి 15తో సమానం. 14 కిలోమీటర్ల తారు దారి ఉంటే కంప్యూటర్ దానికే ఓటేస్తుంది. కాబట్టి "బెస్ట్ రూట్" అని తెర మీద కనిపించేది ప్రకృతి నియమం కాదు. ఎవరో కూర్చుని ఆ 1.5 అన్న అంకె రాశారు. చాలా యాప్‌లలో ఆ అంకె ఎక్కడుందో తెలియదు, తెలిసినా ముట్టుకోనివ్వరు.

ఈ విషయంలో బీరూటర్ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. మొదట సైకిల్ తొక్కేవాళ్ల కోసం తయారైన ఈ ఇంజినులో ఖర్చుల నియమాలన్నీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. ఎక్కుడుకు (ఎత్తు ఎక్కడానికి) ఎంత శిక్ష వేయాలి, మట్టి దారిని ఎంత తప్పించాలి, రద్దీ రోడ్డు తప్పించడానికి ఎంత చుట్టు తిరిగినా ఫరవాలేదు, అన్నీ అందులో మార్చుకోవచ్చు. క్యూమ్యాప్‌షాక్ నుంచీ, ఫోన్‌లో ఓస్మాండ్ అనే మ్యాపు యాప్‌తో కలిపీ దీన్ని వాడొచ్చు, ఇంటర్నెట్ లేకుండా కూడా. ఓఎస్ఆర్ఎం, గ్రాఫ్‌హాపర్, వల్హాలా అనే ఇతర ఓపెన్ సోర్స్ ఇంజిన్లూ ఉన్నాయి. ఓఎస్ఆర్ఎం ముందుగానే మొత్తం రోడ్ల వలను నలగ్గొట్టి దగ్గరదారులు లెక్కించి పెట్టుకుంటుంది, అందుకే ఒక ఖండం అటు చివర నుంచి ఇటు చివరకు రూటు రెప్పపాటులో చెబుతుంది. ఆ వేగానికి మూల్యం ఏమిటంటే ఒక్క నియమం మార్చినా ఆ తయారీ మళ్లీ జరగాలి. వేలమందికి సేవ చేసే సర్వర్‌కు అది గిట్టుబాటు. ఒక్క మనిషి ఒక్క ప్రయాణానికి నాలుగు రకాల నియమాలు పెట్టి చూసుకోవాలంటే కాస్త నిదానమైనా బీరూటరే సుఖం.

ఇంజిను ఎంత మంచిదైనా అది నడిచేది 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా మీద. ఆ డేటాలో రెండు దారులు కలిశాయంటే రెంటికీ ఉమ్మడిగా ఒక పాయింటు ఉండాలి. తెర మీద ముట్టుకున్నట్టే కనిపించినా మధ్యలో అర మీటరు సందు ఉంటే కంప్యూటర్‌కు అక్కడ దారి లేనట్టే. అందుకే ఒక్కోసారి ఎదురుగా కనిపించే కూడలిని వదిలేసి 6 కిలోమీటర్లు చుట్టు తిప్పే వింత రూటు వస్తుంది. దాన్ని ఇంజిను పిచ్చితనం అని కొట్టిపారేయకుండా ఆ కూడలిని పెద్దది చేసి చూస్తే సందు దొరుకుతుంది. మ్యాపులో దాన్ని అతికించే వీలు ఎవరికైనా ఉంది. అయితే అది నిజంగా కూడలో, లేక పైన ఒకటి కింద ఒకటి పోయే వంతెనో తెలుసుకున్నాకే. రోడ్డు ఉపరితలం గురించి ఏమీ రాయకపోవడం మరో సమస్య. రాయలేదంటే మంచి రోడ్డని కాదు, చూసినవాళ్లు రాయలేదని. ఆ ఖాళీలో ఏదో ఒకటి ఊహించుకోవడం తప్ప ఇంజినుకు వేరే గతి లేదు.

క్యాలిబ్రేట్ చేసిన పాత మ్యాపు మళ్లీ పనికొచ్చేది ఇక్కడే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో లేని కాలిబాటలు, కనుమలు పాత షీట్ల మీద ఉంటాయి. క్యూమ్యాప్‌షాక్‌లో స్కాన్‌ను అడుగున సగం పారదర్శకంగా పరచి, ఆ భాగంలో మాత్రం ఆటోమేటిక్ రూటింగ్ ఆపేసి చేత్తో గీసుకోవచ్చు. అదే బాటను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించడం మాత్రం కుదరదు, ఆ షీటు కాపీరైటు తీరిపోయిందనో అనుమతి ఉందనో తేలేదాకా.

ఎత్తుల విషయంలో సాఫ్ట్‌వేర్ చెప్పే అంకెలను కొంచెం అనుమానంగానే చూడాలి. ఎక్కువగా వాడే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటాను 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజుల్లో రాడార్‌తో సేకరించింది. 30 మీటర్లకు ఒక కొలత. అడవుల్లో అది చాలావరకు చెట్ల తలలనే కొలిచింది. లోయ మీద వంతెన ఉంటే కంప్యూటర్ లోయలోకి దిగి మళ్లీ ఎక్కినట్టు లెక్క కడుతుంది, సొరంగమైతే కొండెక్కి దిగినట్టు. ఇలాంటి చిల్లర హెచ్చుతగ్గులన్నీ కూడితే మొత్తం ఎక్కుడు ఉబ్బిపోతుంది. ఒకే ట్రాకుకు రెండు ప్రోగ్రాములు 700 మీటర్లనీ 950 మీటర్లనీ చెబితే రెంటిలో ఒకటి అబద్ధం చెబుతోందని కాదు, గరుకును నున్నగా చేసే పద్ధతులు వేరు. పరికరం చూపే ఎత్తులోనూ మెలిక ఉంది. జీపీఎస్ సహజంగా కొలిచేది దీర్ఘగోళం పైనుంచి ఎత్తు. సముద్రమట్టానికీ దానికీ తేడా ప్రాంతాన్ని బట్టి సుమారు మైనస్ 106 నుంచి ప్లస్ 85 మీటర్ల దాకా ఉంటుంది.

ప్రయాణానికి పట్టే టైముకు మాత్రం 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన మోటు సూత్రమే ఇప్పటికీ చాలా ప్రోగ్రాముల్లో ఏదో రూపంలో ఉంది. 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. 15 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అయితే నాలుగున్నర గంటలు, ఎక్కడా ఆగకపోతే. ఎక్కుడు అంకె పైన చెప్పినట్టు ఉబ్బి ఉంటే టైమూ అంతే ఉబ్బుతుంది.

పని అయ్యాక చాలామంది తుది మ్యాపును మాత్రమే దాచుకుంటారు. దాచాల్సింది అంచులు కత్తిరించని స్కాన్, క్యూజీఐఎస్ రాసే పాయింట్ల ఫైలు, రూటుకు వాడిన నియమాల ఫైలు. వెనకటి రెండూ కొద్దిపాటి టెక్స్ట్, కలిపినా ఒక ఫొటో అంత బరువుండవు. ఏడాది తర్వాత ఆ మ్యాపు డేటమ్ వేరే అని తెలిస్తే పాయింట్లన్నీ మళ్లీ క్లిక్ చేయనక్కర్లేదు. మ్యాపు మీద అచ్చైన గ్రిడ్ అంకెలే టైప్ చేసి ఉంటే అవి అలాగే ఉంటాయి. డేటమ్ పేరు ఒక్కటి మార్చి మళ్లీ నడిపిస్తే, నదిలో నడుస్తున్న బాణం గట్టెక్కుతుంది.